లక్ష కిలోమీటర్లు దాటిన ఆరు సిలిండర్ల లగ్జరీ కారు: ఏది కొనాలి, దేనికి దణ్ణం పెట్టాలి

క్రెటా టాప్ మోడల్‌కు హైదరాబాద్‌లో ఆన్‌రోడ్ పెట్టే డబ్బు కంటే తక్కువకే ఇవాళ 2013, 2014 నాటి బీఎండబ్ల్యూ 530డీ దొరుకుతోంది. కొత్తలో అరకోటి దాటిన కారు అది. మూడు లీటర్ల డీజిల్ ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, 258 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 5.8 సెకన్లు. అదే బడ్జెట్లో ఆడీ ఏ6 3.0 టీడీఐ, మెర్సిడెస్ ఈ350 సీడీఐ, జాగ్వార్ ఎక్స్‌ఎఫ్ 3.0 డీజిల్ కూడా కనిపిస్తాయి. బ్రోకర్ల నోట అన్నిటికీ ఒకటే వర్ణన: "డాక్టర్ గారి బండి సార్, సింగిల్ హ్యాండ్, ఒక్క రూపాయి పని లేదు."

పని ఉంటుంది. పదేళ్ళు దాటి, లక్ష తిరిగిన ఏ లగ్జరీ కారుకైనా పని ఉంటుంది. అది ఎలాంటి పని, మన ఊళ్ళో ఎంతలో తేలుతుంది అన్నదాన్ని బట్టే ఈ నాలుగింటిలో ఏది కొనాలో తేల్చుకోవాలి. బ్రాండు, రంగు, సన్‌రూఫ్ తర్వాత.

ముందు డబ్బు లెక్క

కారు ధర ఏటా పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. అరకోటి కారుకు హెడ్‌లైట్ ఎంతో, అదే కారు పదిహేను లక్షలకు వచ్చాక కూడా అంతే, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అందుకే చేతిలో ఇరవై లక్షలుంటే ఇరవై లక్షల కారు చూడొద్దు. పద్నాలుగులో తెగే కారు చూసి, మిగతా ఆరు లక్షలు విడిగా పెట్టుకోండి. మొదటి రెండేళ్ళలో అందులో సగం కచ్చితంగా ఖర్చవుతుందని, మిగతా సగం ఎప్పుడైనా ఖర్చు కావచ్చని అనుకోండి. ఆ ఆరు లక్షలు పక్కన పెట్టడం కుదరకపోతే ఈ వ్యాసంలో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అనే పెట్రోల్ కారు గురించి రాసిన భాగం దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

ఇంట్లో ఇదొక్కటే కారైతే కూడా ఆలోచించాలి. ఒక సెన్సార్ జర్మనీ నుంచి రావాలంటే బండి మూడు వారాలు గ్యారేజీలో ఉంటుంది. అప్పుడు పిల్లల్ని స్కూల్లో దింపడానికి ఇంకో స్విఫ్టో, వ్యాగనారో ఉంటే టెన్షన్ ఉండదు. అప్పు చేసి కొనడం అయితే అసలు వద్దంటాను. పదేళ్ళు దాటిన కారుకు చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, ఇచ్చినా వడ్డీ నడ్డి విరుస్తుంది.

మన దగ్గర కూలీ చవక, పార్టు ఖరీదు

ఈ కార్ల గురించి యూట్యూబ్‌లో చూసేవాటిలో ఎక్కువ భాగం అమెరికా, ఇంగ్లండ్ వీడియోలే. డాలస్‌లో ఉన్న మన బంధువు ఇచ్చే సలహా కూడా ఆ బాపతే. అక్కడి లెక్క వేరు. అక్కడ మెకానిక్ గంటకు తీసుకునే డబ్బే బిల్లులో పెద్ద అంకె. పార్టులు వీధి చివర దొరుకుతాయి, తుక్కు యార్డుల్లో ఇంకా చవగ్గా దొరుకుతాయి. అందుకని ఇంజిన్ దించాల్సిన పని ఏది వచ్చినా వాళ్ళు గుండెలు బాదుకుంటారు.

హైదరాబాద్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో లెక్క తలకిందులు. రెండు రోజుల కూలీ మనల్ని ముంచదు. దిగుమతి సుంకం కట్టి వచ్చే మెకట్రానిక్ యూనిట్టో (గేర్‌బాక్స్‌ను నడిపే భాగం), గాలి ఒత్తిడితో కారును మోసే ఎయిర్ సస్పెన్షన్ స్ట్రట్టో మాత్రం ముంచుతుంది. కాబట్టి మన దగ్గర పాత లగ్జరీ కారు ఎంచుకునేవాళ్ళు, ఆ మోడల్‌కు సహజంగా వచ్చే జబ్బు కూలీ ఎక్కువ పడేదా, పార్టు ఖరీదు పడేదా అని చూడాలి. మొదటి రకం జబ్బుతో కాపురం చేయొచ్చు. రెండో రకంతో కష్టం. కింద నేను ఇచ్చిన వరస మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. అమెరికా జాబితాల్లో మీకు వేరే వరస కనిపిస్తే కారణం అదే.

కాకపోతే ఒక షరతు. చవక కూలీ పనికొచ్చేది పని తెలిసిన చేతికి ఇచ్చినప్పుడే. ఆ ఇంజిన్‌ను అంతకుముందు విప్పిన మెకానిక్ దొరికాకే కారు కొనండి. కొన్నాక మెకానిక్‌ను వెతికితే, మన కారు మీదే అతను నేర్చుకుంటాడు.

బీఎండబ్ల్యూ 530డీ: నా మొదటి ఓటు

ఎఫ్10 అనే ఈ తరం ఫైవ్ సిరీస్ 2010లో వచ్చింది. మొదటి బండ్లలో 245 హార్స్‌పవర్, 540 న్యూటన్ మీటర్లు. 2013 చివర్లో వచ్చిన మార్పుల మోడల్‌లో 258, 560. ఇంజిన్ కోడ్ ఎన్57. దీని స్టీరింగ్‌లో ఉండే సుఖం మిగతా మూడింటిలో లేదు. ఓఆర్‌ఆర్ మీద 120 వేగంలో ఇంజిన్ నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆరాంగా నడిపితే హైవేలో లీటరుకు 14, 15 ఇస్తుంది.

దీనికి ప్రాణం గేర్‌బాక్స్. జెడ్‌ఎఫ్ కంపెనీ 8హెచ్‌పీ, ఎనిమిది గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా పవర్ పంపే) ఆటోమేటిక్. మొండి గేర్‌బాక్స్, బాగుచేయడం తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. బీఎండబ్ల్యూ పుస్తకంలో దీని ఆయిల్ జీవితకాలం అని ఉంటుంది గానీ, తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారీదారు మాటే వినండి. అమ్మేవాడి ఫైల్‌లో ఆ ఆయిల్ మార్చిన బిల్లు ఉందంటే, ఆ బండి చూసుకున్న మనిషి చేతిలో ఉందని అర్థం. బంపర్ మీద గీతలు లేకపోవడం కంటే ఆ బిల్లు నాకు ఎక్కువ.

జబ్బులు: ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి నడిపే టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. శబ్దం మొదలైతే గేర్‌బాక్సో, ఇంజినో దించాల్సిందే. బీఎండబ్ల్యూ నాలుగు సిలిండర్ల ఎన్47 ఇంజిన్‌తో పోలిస్తే ఎన్57లో ఈ ఫిర్యాదు చాలా తక్కువ. వచ్చినా అది ప్రధానంగా కూలీ పనే. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ దగ్గర చెమ్మ, ఇన్‌టేక్‌లో మసి, క్రాంక్ పుల్లీ రబ్బరు విడిపోవడం, ముందు సస్పెన్షన్ బుష్‌లు, ఇవన్నీ మామూలే. ఈజీఆర్ కూలర్ (తిరిగి ఇంజిన్‌లోకి పంపే పొగను చల్లబరిచే భాగం) లోపం మీద కంపెనీ 2018లో వివిధ దేశాల్లో డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్న బండి ఛాసిస్ నంబరు మీద పెండింగ్ రీకాల్ ఏదైనా ఉందేమో షోరూమ్‌లో అడగండి, చెప్తారు.

ఒక్క మోసం మాత్రం బాగా జరుగుతుంది. 520డీ వెనక 530డీ బ్యాడ్జీ అతికిస్తారు. ఆర్‌సీలో సీసీ చూడండి. 2993 ఉంటే ఆరు సిలిండర్లు, 1995 ఉంటే నాలుగు. "అదే కారు సార్, మైలేజీ ఇంకా బెటర్" అంటూ 520డీ తగిలించబోతే ఒప్పుకోవద్దు. పాత 520డీల్లో ఉన్నది ఆ చైన్ జబ్బుకు పేరుమోసిన ఎన్47 ఇంజినే. పైగా మనం వెతుకుతున్న సరదా అందులో లేదు.

టైర్ల ఖర్చు మర్చిపోవద్దు. ఎమ్ స్పోర్ట్‌లో ముందు 245, వెనక 275 వెడల్పు ఉంటే, ముందువి వెనక్కి మార్చుకునే వీలుండదు. పైగా గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్లు. నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తే లక్ష దాటినా ఆశ్చర్యపోకండి.

మెర్సిడెస్ ఈ350 సీడీఐ: వెనక సీటు ముఖ్యమైతే ఇదే

డబ్ల్యూ212 బాడీ, 2987 సీసీ వీ6 (మూడేసి సిలిండర్ల రెండు వరసలు వీ ఆకారంలో), ఇంజిన్ పేరు ఓఎం642, 265 హార్స్‌పవర్, 620 న్యూటన్ మీటర్లు. నాలుగింటిలో అత్యధిక టార్క్ దీనిదే. అయినా 530డీలా మూలమలుపుల్లో ఉత్సాహపడదు. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని తిరుపతి వెళ్ళి రావడానికి ఇంతకంటే మంచి కారు ఈ ధరలో లేదు.

ఓఎం642 జబ్బు ప్రపంచమంతా తెలిసినదే: ఆయిల్ కూలర్ సీళ్ళు. ఆ కూలర్‌ను సరిగ్గా వీ ఆకారం మధ్య లోయలో, టర్బో, ఇన్‌టేక్‌ల కింద పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వేడికి సీళ్ళు గట్టిపడి ఆయిల్ కారుతుంది. కారిన ఆయిల్ ఇంజిన్ వెనక నుంచి జారి గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలుగా కనిపిస్తుంది. చాలామంది మెకానిక్‌లు అది చూసి వెనక క్రాంక్ సీల్ పోయిందని గేర్‌బాక్స్ దించుతారు. కొత్త సీల్ వేస్తారు, లీకేజీ అలాగే ఉంటుంది. కొనేముందు బండిని లిఫ్ట్ ఎక్కించి ఆ అతుకు దగ్గర టార్చ్ వేయండి. తర్వాత పైనుంచి, ఇంజిన్ వెనక భాగంలో వీ లోయలోకి టార్చ్ వేయండి. అక్కడ నల్లటి తడి మెరిస్తే సమస్య కూలర్‌దే.

ఇప్పుడు పైన చెప్పిన సూత్రం గుర్తు చేసుకోండి. ఆ సీళ్ళు చిన్న రబ్బరు ముక్కలు. వాటిని చేరడానికి టర్బో, ఇన్‌టేక్ అంతా విప్పాలి. అమెరికాలో ఇది భయపెట్టే బిల్లు, మన దగ్గర భరించగలిగే బిల్లు. తర్వాత వచ్చిన మెరుగైన ఊదా రంగు సీళ్ళే వేయించండి, పాత నారింజ రంగువి వద్దు. లీకేజీ ఉన్న బండి దొరికితే పారిపోకుండా దాన్నే బేరానికి వాడుకోండి. మిగతావన్నీ బాగున్న ఈ350కి ఈ లీకేజీ ఉంటే నేనైతే సంతోషిస్తాను. ఎలా విప్పినా టర్బో పైపుల రబ్బర్లు, ఇన్‌టేక్‌లో గాలిని సుడి తిప్పే స్విర్ల్ ఫ్లాప్‌ల మోటారు కూడా అప్పుడే చూసుకోవచ్చు. టర్బో ముక్కు దగ్గర సీల్ కారి ఆ ఆయిల్ నేరుగా ఈ మోటారు మీదే పడుతుంది, అది పాడవడానికి అదే కారణం.

కష్టమల్లా అసలు కారు దొరకడంలో ఉంది. మార్కెట్లో కనిపించే ఈ క్లాస్‌లలో ఎక్కువ భాగం ఈ250 సీడీఐ. నాలుగు సిలిండర్లు, మంచి కారే, కానీ పెర్ఫార్మెన్స్ కోసం చూసేవాళ్ళకు కాదు. ఈ350 కోసం నెలలు ఆగాల్సి రావచ్చు. ఆగగలిగితే ఆగండి.

ఆడీ ఏ6 3.0 టీడీఐ: గేర్‌బాక్స్ కాగితం ఉంటేనే

ఈ తరం ఏ6 మన దగ్గరికి 2011లో వచ్చింది. 245 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్ పంపే క్వాట్రో, వందకు 6.1 సెకన్లు. లోపలి పనితనం చూస్తే నాలుగింటిలో దీనికే మొదటి మార్కులు. వానలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే క్వాట్రో విలువ తెలుస్తుంది.

అయినా మూడో స్థానమే ఇస్తాను. దీని ఏడు గేర్ల ఎస్ ట్రానిక్ డ్యూయల్ క్లచ్ రకం. లోపల రెండు క్లచ్‌లు, వాటిని నడిపే మెకట్రానిక్ యూనిట్. ఆయిల్ ప్రతి 60,000 కిలోమీటర్లకు మార్చి తీరాలి. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పదేళ్ళు పాకిన బండిలో ఆ క్లచ్‌లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఇక్కడ పోయేది ఖరీదైన పార్టు. మన చవక కూలీ ఇక్కడ అక్కరకు రాదు.

టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ బాగా వేడెక్కాక, మెల్లగా పాకుతూ రెండు నుంచి ఒకటో గేర్‌కు దిగేటప్పుడు వణుకు ఉందేమో గమనించండి. రివర్స్ వేశాక కారు కదలడానికి ఒక క్షణం ఆలస్యమైనా వదిలేయండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండైతే రాత్రి ఎక్కడ పార్క్ చేస్తారో అడిగి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందే వెళ్ళి నాలుగు మూలలా ఎత్తు చూడండి. ఒక మూల వాలి ఉంటే అక్కడ గాలి పోతున్నట్టే. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉండాలి. క్వాట్రోకు ఒక్క కొత్త టైరు వేసి మిగతా మూడు పాతవి ఉంచినవాడు ఇంకెక్కడెక్కడ పీనాసితనం చేశాడో ఆలోచించండి.

2.0 టీడీఐ, 2015లో వచ్చిన మ్యాట్రిక్స్ హెడ్‌లైట్ల మోడల్ రెండూ నాలుగు సిలిండర్లవే. కొత్తగా కనిపిస్తుందని మ్యాట్రిక్స్‌కు ఎక్కువ ధర చెప్తారు. మనకు కావాల్సింది అది కాదు.

జాగ్వార్ ఎక్స్‌ఎఫ్ 3.0 డీజిల్

నాలుగింటిలో అందగత్తె, అందులో అనుమానం లేదు. 275 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్లు, జర్మన్లు ఇవ్వలేని రోడ్డు హుందాతనం. ధర కూడా మిగతావాటి కంటే లక్షల్లో తక్కువ చెప్తారు. ఈ వీ6 కుటుంబంలో, ముఖ్యంగా ల్యాండ్ రోవర్లలో, క్రాంక్ బేరింగ్ తిరిగిపోయి క్రాంక్‌షాఫ్ట్ విరిగిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. అది జరిగితే రిపేరు అంటూ ఉండదు, ఇంజినే మార్చాలి. అన్ని బండ్లకూ జరగదు. కానీ మీ బండికి జరుగుతుందో లేదో ముందే చెప్పే పరీక్ష కూడా లేదు. నేను కొనను. ఎవరైనా కొంటానంటే తగాదా పడను.

సూపర్ కార్ల చవక వల

ఇదే బడ్జెట్‌కు కాస్త అటూ ఇటూగా అప్పుడప్పుడు బీఎండబ్ల్యూ ఈ60 ఎమ్5, మెర్సిడెస్ డబ్ల్యూ204 సీ63 ఏఎంజీ కనిపిస్తాయి. ఎమ్5లో 507 హార్స్‌పవర్ వీ10. కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లు, థ్రాటిల్ యాక్చుయేటర్లు, ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్ హైడ్రాలిక్ పంపు, ఈ మూడూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవే. సీ63లో 6.2 లీటర్ల వీ8, పాత ఇంజిన్లలో హెడ్ బోల్టుల సమస్య, క్యామ్ అరుగుదల. దేశం మొత్తం మీద ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి కాబట్టి విప్పి చూసిన మెకానిక్‌లూ అంతే. రెండో ఎమ్5ను పార్టుల కోసం కొని పెట్టుకోగలిగినవాళ్ళ సరదా ఇది.

పెట్రోల్ దారి: ఆక్టేవియా ఆర్‌ఎస్, 330ఐ

బ్యాడ్జీ మోజు లేకపోతే స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఒకసారి నడిపి చూడండి. 2017లో 230 హార్స్‌పవర్‌తో, 2020లో 245తో పరిమిత సంఖ్యలో వచ్చింది. లగ్జరీ అనలేం. కానీ వందకు ఏడు సెకన్ల లోపే, మధ్యతరగతి సర్వీసు ఖర్చులోనే. ఇందులో డ్యూయల్ క్లచ్చే ఉన్నా అది ఆయిల్‌లో మునిగి ఉండే రకం. 60,000కు ఒకసారి ఆయిల్ మార్చినట్టు బిల్లు చూపిస్తే చాలు. చాలా ఆర్‌ఎస్‌లను పవర్ పెరిగేలా ట్యూన్ చేసేసి ఉంటారు. అమ్మేముందు మళ్ళీ కంపెనీ ఇచ్చిన స్థితికి తెచ్చి "ఏమీ చేయలేదు సార్" అంటారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూల మీద గీతలు, మార్చిన ఎగ్జాస్ట్ బిగింపులు నిజం చెప్తాయి. రోజూ ఆఫీసుకు ఒకే కారు, వారాంతంలో వేగం కావాలనుకునేవాళ్ళకు పైన చెప్పిన నాలుగింటి కంటే ఇదే సరైనది.

బడ్జెట్ పెంచగలిగితే 2017లో వచ్చిన బీఎండబ్ల్యూ 330ఐ, 252 హార్స్‌పవర్. బీ48 ఇంజిన్ గట్టిది, గేర్‌బాక్స్ మళ్ళీ అదే 8హెచ్‌పీ. ప్లాస్టిక్ కూలెంట్ పైపులు తప్ప పెద్ద తలనొప్పులు లేవు. పెట్రోల్ కార్లతో ఇప్పుడు ఒక కొత్త చికాకు ఉంది. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లను దానికోసం రూపొందించలేదు. పాత పెట్రోల్ కారు కొంటే ఇంధన పైపులు, సీళ్ళు ఏటా ఒకసారి చూపించుకోవాలి.

కిలోమీటర్లు నిజమా

లక్ష అంకె చూసి భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. 12 ఏళ్ళ వయసులో 40,000 చూపించే డీజిల్ కారే నన్ను ఎక్కువ భయపెడుతుంది. మీటర్ తిప్పి ఉండాలి, లేదా రోజూ తొమ్మిది కిలోమీటర్లు మాత్రమే తిరిగి ఉండాలి. రెండోది కూడా మంచిదేమీ కాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే ఇన్‌టేక్ నిండా మసి, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఆయిల్‌లో డీజిల్ కలవడం జరుగుతాయి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వారం వారం తిరిగిన 1,30,000 కిలోమీటర్ల బండిని, జూబ్లీహిల్స్ దాటని 45,000 కిలోమీటర్ల బండిని పక్కపక్కన పెడితే, సర్వీస్ ఫైల్ ఉన్నంతవరకు నేను మొదటిదానికే డబ్బు తీస్తాను.

మీటర్ తిప్పడం ఇప్పుడు పావుగంట పని. తిప్పేవాళ్ళు డ్యాష్‌బోర్డులో అంకె మారుస్తారు గానీ అన్ని చోట్లా మార్చరు. మంచి స్కానర్ పెట్టించి, పాత ఎర్రర్ కోడ్‌ల వివరాలు తెరవమనండి. ఒక్కో కోడ్ పక్కన అది ఏ కిలోమీటర్ దగ్గర నమోదైందో ఉంటుంది. ఒక మిత్రుడి కోసం చూసిన ఏ6 డ్యాష్ మీద 84,000 ఉంది. స్కానర్‌లో పాత గ్లో ప్లగ్ కోడ్ ఒకటి 1,38,000 దగ్గర నమోదై ఉంది. అమ్మేవాడికి స్క్రీన్ చూపిస్తే, "అన్నా, అది మిషన్ తప్పు" అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా టీ తాగి వచ్చేశాం. బీఎండబ్ల్యూలో తాళంచెవిలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి, రెండు తాళాలూ అడగండి. కోడ్‌లన్నీ నిన్ననే తుడిచేసి, చరిత్ర మొత్తం ఖాళీగా ఉంటే అదీ ఒక జవాబే.

వరద బండ్ల సంగతి వేరు. 2015 డిసెంబర్ చెన్నై, 2020 అక్టోబర్ హైదరాబాద్, 2024 సెప్టెంబర్ విజయవాడ బుడమేరు. ఈ మూడు వరదల్లో మునిగిన కార్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి. ఆఖరి అడుగు మీద బురద గీత ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ కడగరు. 530డీలో బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది, ఆ చుట్టుపక్కల తుప్పు చూడండి. మెర్సిడెస్‌లో ముందు కార్పెట్ ఎత్తి వైర్ల కనెక్టర్లు ఆకుపచ్చగా మారాయేమో చూడండి.

ఢిల్లీ బండి ఎందుకు చవక

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) నిషేధం పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో కోర్టు కొంత సడలింపు ఇచ్చినా యజమానుల భయం పోలేదు. అందుకే అక్కడి 530డీ మన ఊరి బండి కంటే మూడు నాలుగు లక్షలు తక్కువకు వస్తుంది. ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకునేటప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద వేయరు, కారు మొదటి ధరను, వయసును బట్టి వేస్తారు. అరకోటి కారుకు అది లక్షల్లోనే తేలుతుంది. ఆర్టీఓ ఆఫీసులో ముందే లెక్క కట్టించుకుని, ఆ మొత్తాన్ని ఢిల్లీ ధరకు కలిపి చూస్తే చాలాసార్లు లాభం కనపడదు.

పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), అంటే ఫారం 28, ఇంకా రాలేదంటే టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. పాత లోన్ తీరిపోయినట్టు ఫారం 35, బదిలీకి 29, 30 సరిచూసుకోండి. "పుదుచ్చేరి నంబరు మీదే తిప్పుకోండి సార్, ఎవరూ అడగరు" అనే సలహాకు తల ఊపొద్దు. 12 నెలలు దాటి ఇంకో రాష్ట్రంలో ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ తప్పదని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. ఇలాంటి కార్లను ఆపడం ట్రాఫిక్ పోలీసులకు తేలిక, ఎందుకంటే దూరం నుంచే కనిపిస్తాయి. కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. ఇంత పాత కారుకు జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే ఇన్సూరెన్స్) దొరకడం కష్టం కాబట్టి, చిన్న గుద్దుడుకు కూడా జేబులోంచి ఎంత పడుతుందో ముందే అనుకోండి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

ముందే ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి వచ్చేయండి, మొహమాటం వద్దు. చల్లని ఇంజిన్ మొదటి మూడు సెకన్లు చేసే శబ్దంలోనే చైన్ పరిస్థితి తెలిసేది. తర్వాత ఏసీ వేసి కనీసం అరగంట ట్రాఫిక్‌లో, ఇంకో అరగంట ఓఆర్‌ఆర్ మీద తిప్పండి. టెంపరేచర్, బ్రేకు వణుకు, గేర్లు దిగేటప్పుడు వెనక నుంచి వచ్చే దెబ్బ అన్నీ ఈ గంటలో బయటపడతాయి. ఐదు నిమిషాలు కాలనీలో తిప్పించి "ఎలా ఉంది సార్" అనేవాడికి సమాధానం చెప్పకండి.

కొన్న మొదటి నెలలో ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించండి. బిల్లు ఉన్నా లేకున్నా మార్పించండి. బుష్‌లు, గాస్కెట్లు కొనేటప్పుడు షోరూమ్ డబ్బా మీద స్టార్ గుర్తుకు డబ్బు పెట్టక్కర్లేదు. లెమ్‌ఫోర్డర్, సాక్స్, మాలే, ఎల్రింగ్, బాష్ లాంటి కంపెనీలు ఆ కార్ల ఫ్యాక్టరీలకే పార్టులు ఇస్తాయి. వాటి సొంత డబ్బాలో అలాంటి పార్టే చాలా తక్కువకు వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ఎక్కడ పడితే అక్కడ వద్దు. 8హెచ్‌పీలో ఫిల్టర్ కింది ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, పాన్ మొత్తం మార్చాలి. లెవెల్ చూసేది ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ఉన్నప్పుడే. "టెంపరేచర్ ఎంత ఉన్నప్పుడు నింపుతావు బాబూ" అని అడిగితే తడుముకునే గ్యారేజీలో ఆ పని చేయించొద్దు.